తస్బీ తొమ్మిది చుట్లు

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఇదే మొదలు. ఐదో తరగతితో బడి మానేశాను. పదకొండేళ్ళుగా సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కుతున్నాను గానీ అవి నా మాటలు కావు. ఎవరో కాగితం మీద రాసిస్తే చూసి చెక్కటమే. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే అక్షరం వంకర పోతోంది. రాయి మీద ఇంత వంకర పోదు.

మా పొదుపు సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళు కొత్తగా మిషన్లు కొంటున్నారు. కరెంటు లేని చోట పనిచెయ్యాలంటే జనరేటరు కొనాలా, బ్యాటరీ పెట్టె కొనాలా అని నన్ను అడిగారు. నలుగురిలో నిలబడి చెప్పటం నాకు చేతకాదు. "సరే వెంగమ్మక్కా, నోటితో చెప్పకపోతే రాసివ్వు" అంది లీడరు శేషారత్నం. అందుకని రాస్తున్నాను. నా కథ చెప్పుకోవాలని కాదు. మా ఉస్తాదు ఎలా చెప్పారో అది చెప్పాలని.

నాకు ఈ పని నేర్పిన మా ఉస్తాదు పేరు మౌలాలి. మార్కాపురంలో ఆయన్ని తెలియనివాళ్ళు తక్కువ. ఊరి చివర చిన్న దర్గాలో గురువారం గురువారం దీపం పెడతారు. మిగతా రోజులు ఉలి పట్టుకుని చుట్టుపక్కల పల్లెల్లో సమాధిరాళ్ళు చెక్కేవారు. తురకల సమాధులు, కిరస్తానీల సమాధులు, మా వాళ్ళ సమాధులు అన్నీ ఆయనే. ఆయన చెక్కిన అక్షరం మీద వాన నీళ్ళు నిలవవు అంటారు.

నేను అంతకుముందు పలకల ఫ్యాక్టరీలో చేశాను. అది మూతపడ్డాక పాలిష్ ఫ్యాక్టరీలో చేశాను. దగ్గు పట్టుకుంది. "ఇంకో రెండేళ్ళు ఆ దుమ్ములో ఉన్నావంటే నీ ఊపిరితిత్తులు కూడా రాయైపోతాయి" అన్నాడు డాక్టరు. అప్పుడు ఉస్తాదు దగ్గరకు వెళ్ళాను. ఆయన రెండేళ్ళ పాటు నాకు మిషను చూపించలేదు. ఉలి, సుత్తి, తడిగుడ్డ. అంతే. తడిగుడ్డ ఉంటే దుమ్ము లేవదు. మూడో ఏడు చిన్న మిషను చేతికిచ్చారు. పెన్ను కన్నా కాస్త లావు, ముందు వజ్రం మొన. అది చేతికొచ్చాక ఉలి నాకు బరువైపోయింది.

ఉస్తాదు కుడిచెయ్యి రెండేళ్ళ కిందట ఒణకడం మొదలుపెట్టింది. ఆయనకు కొడుకుల్లేరు. నేర్చుకున్నవాళ్ళం ఇద్దరమే మిగిలాం. నేను, చెన్నకేశవులు. చెన్నకేశవులు నాకన్నా పదేళ్ళు చిన్న. మాటకారి. సొంత జనరేటరు ఉంది. దాన్ని ఆటోలో వేసుకుని తిరుగుతాడు.

ఆ ఏడు అక్టోబరు పద్దెనిమిదిన కొండకిందిపల్లె చర్చి ఫాదరు కబురు చేశారు. సమాధుల తోటలో పదమూడు నల్లరాళ్ళు ముందే పాతి సిమెంటు వేసేశారు. పేర్లు మాత్రం చెక్కించలేదు. నవంబరు రెండున సమాధుల పండగ. ముప్పై ఒకటి సాయంత్రానికి పదమూడూ అయిపోవాలి. అంటే రోజుకొక రాయి.

"నా చెయ్యి పనికిరాదు ఫాదర్. వెంగమ్మ చెక్కుద్ది" అన్నారు ఉస్తాదు.

ఫాదరు నావైపు చూశారు. నేను తల వంచుకున్నాను.

"ఆమె మీద నాకేం అనుమానం లేదు. కానీ ముప్పై ఒకటి దాటితే చెన్నకేశవుల్ని పిలుస్తాను. ఇకమీదట చుట్టుపక్కల చర్చిల పనులన్నీ ఎవరు పూర్తిచేస్తే వాళ్ళకే" అన్నారు ఫాదరు.

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఆ పని కుదిరితే ఉస్తాదు తిరిగిన ఊళ్ళు నాకొస్తాయి. కుదరకపోతే మళ్ళీ పాలిష్ ఫ్యాక్టరీ, మళ్ళీ దుమ్ము.

ఇబ్బందల్లా కరెంటు. సమాధుల తోట వాగుకు అవతల, కొండ కింద ఉంది. దగ్గర్లో ఇల్లు లేదు, స్తంభం లేదు. రాళ్ళు పాతేశారు కాబట్టి ఇంటికి తెచ్చుకుని చెక్కే వీలు లేదు.

ఆ సాయంత్రం ఉస్తాదు ఇంటికెళ్ళి అడిగాను. "ఉస్తాద్, జనరేటరు పెట్టనా, బ్యాటరీ పెట్టె కొననా?"

ఆయన చాయ్ సాసరులో పోసుకుంటున్నారు. చెయ్యి ఒణికి కొంచెం ఒలికింది.

"నీకు ఏది కావాలనుంది?"

"జనరేటరు. నూనె పోస్తే పోసినంతసేపూ తిరుగుద్ది. మధ్యలో ఆగదు."

"అయితే అదే పెట్టు" అన్నారు.

నేను ఆశ్చర్యపోయాను. ఉలి చాలదా అంటారేమో అనుకున్నాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు.

*

మర్నాడు జనరేటరు అద్దెకు తీసుకుని ఆటోలో వెళ్ళాం. ఆటో వాగు దగ్గరే ఆగిపోయింది. ఆటో అతనూ నేనూ చెరో పక్క పట్టుకుని వాగులో రాళ్ళ మీద అడుగులేస్తూ మోశాం. ఉస్తాదు వెనకాల నీళ్ళ డబ్బా పట్టుకుని వచ్చారు.

మొదటి రాయి ముందు కూర్చుని సుద్దతో గీతలు గీసుకున్నాను. మా ఉస్తాదు దగ్గర ఒక పద్ధతి ఉంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ ముందు చెక్కాలి. పేరు ఆఖర్న చెక్కాలి. తేదీలు చెక్కేసరికి చెయ్యి వేడెక్కుతుంది, రాయి గుణం తెలుస్తుంది. పేరుకు వేడెక్కిన చెయ్యి ఇవ్వాలి అంటారు ఆయన.

తాడు లాగితే జనరేటరు లేచింది. కొండకి కొట్టుకుని ఆ మోత రెండింతలైంది. నాకేం పట్టలేదు. ఫ్యాక్టరీలో ఇంతకన్నా పెద్ద మోతలు విన్నదాన్ని. చెక్కుకుంటూ పోయాను.

మధ్యాహ్నం మూడింటప్పుడు ఒక్కసారిగా మోత ఆగింది. పాడైందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే ఉస్తాదు జనరేటరు పక్కన నిలబడి ఉన్నారు. ఆయనే ఆపారు.

తోట గేటు వైపు ఒక ముసలమ్మ వెళ్ళిపోతోంది. చేతికర్ర పోటేసుకుంటూ.

"అమ్మా" అని పిలిచారు ఉస్తాదు. "రండి, కూర్చోండి. మిషను అలిసిపోయింది."

ముసలమ్మ ఆగి, వెనక్కి తిరిగి వచ్చింది. పదమూడో రాయి దగ్గర కూర్చుంది. ఆమె పేరు శౌరమ్మ. ఆ రాయి కింద ఉన్నది ఆమె భర్త ఇన్నయ్య. ఊళ్ళో అందరూ ఆమెను అవ్వ అంటారని తర్వాత తెలిసింది.

అవ్వ చెంగుతో రాయి తుడిచి, గొంతు సవరించుకుంది.

"ఏందయ్యా, ఇందాక వచ్చి పిలిస్తే వినపడలేదా? నాకే నా మాట వినపడలా. సర్లే. గేదె ఈనింది. పెయ్యదూడ. నువ్వుంటే మంచిదయిందని ఎగిరేవాడివి. పక్కింటి జోజప్ప గట్టు జరిపాడు. రెండు జానలు. నేనడిగితే గాలికి జరిగిందన్నాడు. గట్టు గాలికి జరుగుద్దా? నువ్వే చెప్పు."

నాకు నవ్వొచ్చింది. ఉస్తాదు ముఖం చూసి ఆపుకున్నాను. ఆయన కళ్ళు కిందకి దించుకుని వింటున్నారు.

అవ్వ గంటన్నర మాట్లాడింది. లేచేముందు నన్నడిగింది. "ఈ గోల ఎన్నాళ్ళు తల్లీ?"

"ఇంకో పన్నెండు రోజులు అవ్వా."

"పన్నెండు రోజులా?" అంది. "అన్ని రోజులు ఆయనకి కబుర్లు లేకపోతే ఎట్టా? ముందే ఒంటరి మనిషి."

ఆ రోజు సగం రాయే అయింది.

తిరిగి వచ్చేటప్పుడు వాగు ఒడ్డున చెన్నకేశవులు ఆటో ఆపుకుని ఉన్నాడు. సంగతి విని పకపకా నవ్వాడు.

"అక్కా, ముసలామె కోసం మిషను ఆపావా? చచ్చినోళ్ళకి చెవులుంటయ్యా?"

"చచ్చినోళ్ళకోసం ఆపలేదు" అన్నారు ఉస్తాదు. 

*

ఆ రాత్రికే నిశ్చయించుకున్నాను. జనరేటరు వద్దు, బ్యాటరీ పెట్టె కొందాం. దానికి ప్లగ్గు పెట్టే బొక్కలుంటాయి. రాత్రి ఇంట్లో ఛార్జింగు పెట్టుకుంటే పగలు వాడుకోవచ్చు. చప్పుడుండదు, పొగుండదు.

పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి అక్కడున్నాను. రెండు రకాలున్నాయి. చిన్నది చంకన పెట్టుకోవచ్చు. పెద్దది ఇద్దరు మనుషులు మొయ్యాలి.

"మీ మిషను రోజుకి ఎంతసేపు తిరుగుద్దమ్మా?" అన్నాడు షాపతను.

"పొద్దుటనుంచి సాయంత్రం దాకా" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "అయితే చిన్నది మధ్యాహ్నానికి కూడా రాదు. పెద్దదే సాయంత్రం దాకా లాగదు. పెద్దవి రెండు తీసుకోండి."

పెద్దవి రెండు! వాగులో రాళ్ళ మీద! నేను ఏమీ కొనకుండా వచ్చేశాను. ఉస్తాదు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఏమైంది?"

చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. "పన్నెండున్నర రాళ్ళు మిగిలున్నయ్ ఉస్తాద్. జనరేటరు పెడితే అవ్వ ఉసురు. పెట్టకపోతే పని పోద్ది."

"జనరేటరు ఇవాళ కూడా అద్దెకుందా?"

"ఉంది."

"పద. అవ్వ వచ్చేలోగా చేద్దాం. నేను నీ పక్కన కూర్చుంటా."

ఆ రోజు ఆయన నాకు రెండు మూరల దూరంలో చాప వేసుకుని కూర్చున్నారు. జేబులోంచి తస్బీ తీశారు. తస్బీ అంటే వాళ్ళు దేవుడి పేరు తలుచుకుంటూ తిప్పే పూసల దండ. నూటికి ఒకటి తక్కువ పూసలు. కళ్ళు మూసుకుని పూసలు తిప్పుతున్నారు. ఎండకి తట్టుకోలేక దేవుణ్ణి తలుచుకుంటున్నారేమో అనుకున్నాను.

మధ్యలో ఒకసారి చూశాను. నేను సుద్ద గీత సరిచేసుకుంటున్నాను. ఆయన వేళ్ళు కదలడం లేదు. పూస దగ్గరే ఆగి ఉన్నాయి. నేను మిషను నొక్కాను. వేళ్ళు కదిలాయి. అప్పటికి నాకేం తోచలేదు.

అవ్వ మూడింటికి వచ్చింది. జనరేటరు ఆపేశాం. అవ్వ జోజప్ప గట్టు సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఆమె వెళ్ళాక మళ్ళీ పెట్టాం. పొద్దు వాలేసరికి సగం మిగిలిన రాయి, ఇంకో సగం, మొత్తం ఒక రాయి పని అయింది.

అప్పుడు ఉస్తాదు తస్బీ నా చేతిలో పెట్టారు. "ఊపిరికొక పూస. తిప్పు" అన్నారు. నేను తిప్పాను. ఆయన నా ఫోన్లో టైము చూస్తున్నారు. ఒక చుట్టు పూర్తయింది.

"ఆరు నిమిషాలు" అన్నారు. తస్బీ తీసుకుని జేబులో వేసుకున్నారు. "నీ మిషను మోగినంతసేపే తిప్పాను. తొమ్మిది చుట్లు."

నేను వేళ్ళ మీద లెక్కేశాను. తొమ్మిదార్లు యాభైనాలుగు. నమ్మకం కలగక మళ్ళీ వేశాను.

"గంట కూడా లేదు ఉస్తాద్. లెక్క తప్పుంటారు."

"స్విచ్చి మీద వేలు నీదే గదా" అన్నారు.

"మరి మిగతా పొద్దంతా..."

ఆయన చాప చుట్టుకుని లేచారు. 

మూడో రోజు మళ్ళీ షాపుకు వెళ్ళాను.

"నా మిషను రోజుకి తొమ్మిది చుట్లు తిరుగుద్ది" అన్నాను తడబడుతూ.

"తొమ్మిది ఏందమ్మా?"

"అదే... గంట. గంటకి కాస్త తక్కువ."

మిషను మీద చీటీ చూసి అతను లెక్కేశాడు. "చిన్న పెట్టె గంటన్నర లాగుద్ది. ఎక్కువే. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రాళ్ళు కోసే పెద్ద గ్రైండరు దీనికి తగిలించొద్దు. అది మొదలయ్యేటప్పుడే ఒక్క గుక్కలో లాగేస్తది. పెట్టె ఆగిపోద్ది."

సంఘంలో అప్పు అడిగి చిన్నది తెచ్చుకున్నాను. సంచిలో పెట్టె, మిషను, నీళ్ళ సీసా, తడిగుడ్డలు సర్దుకున్నాను. అడుగున ఉలి, సుత్తి ఉన్నాయి. ఇనుము, బరువు. పెట్టె ఉంది గదా అని ఆ రెండూ తీసి ఇంట్లో పెట్టేశాను. ఉస్తాదు గుమ్మంలో ఉండి చూశారు. 

*

పెట్టెతో పని హాయిగా సాగింది. మిషను సన్నగా, కుమ్మరిపురుగు పాడినట్టు పాడేది. అవ్వ వచ్చినా ఆపక్కర్లేకపోయింది. అవ్వ కబుర్లు ఒక చెవిన వింటూ చెక్కేదాన్ని. జోజప్ప గట్టు వెనక్కి జరిపాడు. దూడకి రాణి అని పేరు పెట్టారు. రోజుకి ఒక రాయికి కాస్త ఎక్కువే అవుతోంది.

నాకు కాస్త పొగరొచ్చింది. ఏడో రోజు ఒక రాయి అంచు వంకరగా ఉందని, ఒక్క దెబ్బతో సరిచేద్దామని ఇంటి నుంచి పెద్ద గ్రైండరు తెచ్చాను. పెట్టెకి తగిలించి నొక్కాను. పెట్టె కుయ్యిమంది, ఆగిపోయింది. ఆ టైముకి చెన్నకేశవులు అటు వచ్చి ఉన్నాడు.

"అయ్యో అక్కా, నీ అట్టపెట్టె నిద్రపోయింది! జోలపాట పాడు" అన్నాడు.

ఉస్తాదు వచ్చి గ్రైండరు ప్లగ్గు పీకారు. దాన్ని సంచిలో పెట్టి మూతికి మూడు ముళ్ళు వేశారు. పెట్టె బొత్తాం నొక్కితే మళ్ళీ వెలిగింది.

"వంకర ఉండనీ" అన్నారు. "పాతినవాడి తప్పు నీది కాదు."

ముప్పయ్యో తారీకుకి పన్నెండు రాళ్ళు అయ్యాయి. మిగిలింది ఇన్నయ్యది ఒక్కటే. ఒక్క రోజు పని. నేను నిశ్చింతగా ఇంటికెళ్ళాను.

ఆ రాత్రి గాలివాన. కరెంటు పోయింది. తెల్లారినా రాలేదు. పెట్టె మీద గీతలు సగానికే వెలుగుతున్నాయి. సగమంటే ఏడు చుట్లు. రాయికి కావలసింది తొమ్మిది. కొండకిందిపల్లెలో కూడా కరెంటు లేదన్నారు. ఒకటికి రెండుసార్లు చూసుకుని నొక్కితే వస్తుందిలే అనుకుని బయల్దేరాను.

వాగు ఒడ్డున చెన్నకేశవులు ఆటోలో జనరేటరుతో కూర్చుని ఉన్నాడు. ఫాదరు కబురు పెట్టారట, సాయంత్రానికి సిద్ధంగా ఉండమని.

"నీ మీద కోపం లేదక్కా" అన్నాడు. "పని పనే గదా."

పొద్దుటనుంచి పీనాసిగా చెక్కాను. స్విచ్చి నొక్కేముందు సుద్ద గీత నాలుగుసార్లు చూసుకున్నాను. తేదీలు అయ్యాయి. ఇంటిపేరు అయింది. నాలుగున్నరకి 'ఇ' చెక్కాను. 'న్న' చెక్కాను. 'య్య' దగ్గర మొన పెట్టి నొక్కితే మిషను ఒక్కసారి మూలిగి ఊరుకుంది. పెట్టె మీద ఆఖరి గీత ఆరిపోయింది.

అవ్వ రాయి పక్కనే కూర్చుని ఉంది. ఫాదరు గేటు దగ్గరికి వచ్చారు. ఆయన వెనకే చెన్నకేశవులు.

"ఇంకొక్క అక్షరమే గదక్కా" అన్నాడు వాడు. "జనరేటరు తెప్పిస్తా. నువ్వు పక్కకి జరుగు. ఐదు నిమిషాలు."

"ఆ పొగబండి ఇక్కడికి తెస్తే నేను లేచిపోతా" అంది అవ్వ. "ఇవాళ ఇంకా సగం కూడా చెప్పలా."

ఫాదరు నావైపు చూశారు. "పొద్దు వాలుతోంది వెంగమ్మా."

 ఉస్తాదు వైపు తిరిగి, "అయిపోయింది ఉస్తాద్. పని ఆగిపోయింది" అన్నాను.

ఆయన నా ముందు గొంతుక్కూర్చున్నారు. భుజాన ఉన్న సంచి దించి, పాత లుంగీ గుడ్డలో చుట్టిన మూట ఒకటి రాయి అంచు మీద పెట్టారు. విప్పారు. ఆయన ఉలి. ఆయన సుత్తి. పదమూడు రోజులు ఆయన దాన్ని మోసుకు తిరిగారని నాకు తెలియదు.

"మిషను తొమ్మిది చుట్లు చేసింది" అన్నారు. "మిగిలిన పొద్దు ఎవరు చేశారు?"



నేను ఉలి తీసుకున్నాను. పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగి ఉంది. తడిగుడ్డ రాయి మీద ఒత్తి, సుద్ద గీత మీద మొన పెట్టాను. మొదటి దెబ్బకి చెయ్యి జంకింది. రెండో దెబ్బకి గుర్తుకొచ్చింది. టక్, టక్, టక్.

"ఆ, ఏం చెప్తున్నా?" అంది అవ్వ రాయితో. "ఆ, రాణి ఇవాళ కుడితి తాగింది. మూతి మొత్తం ముంచేసింది."

ఆ చప్పుడుకి ఆమె మాట ఆగలేదు. ఆమె మాటకి నా చెయ్యీ ఆగలేదు. కొండ మీద ఇంకా ఎర్రగా ఎండ ఉండగానే 'య' కింద ఒత్తు దిగింది. గుడ్డతో తుడిచి పక్కకి జరిగాను.

చెన్నకేశవులు వంగి చూశాడు. వేలితో రుద్దాడు. "ఒత్తు బాగా కుదిరిందక్కా" అన్నాడు మెల్లిగా. వాడు ఒకరి పని మెచ్చుకోవడం నేను విన్నది అదే.

ఫాదరు తల ఊపారు. "రెండో తారీకు పూజకి రండి. పక్క చర్చి ఫాదరు కూడా వస్తారు. మాట్లాడదాం" అన్నారు నాతోనే.

అవ్వ చెయ్యి చాచి పేరు తడిమింది. ఆమెకు చదువు రాదు. వేళ్ళు ఒక్కో అక్షరం మీదుగా పోయి ఆఖరిదాని దగ్గర ఆగాయి.

"ఇది ఒక్కటి గరుగ్గా ఉందేం?"

"చేత్తో చెక్కింది అవ్వా. రేపొచ్చి నున్నగా చేస్తా."

"ఒద్దు. ఉండనీ" అంది. "కళ్ళు పోయినా ఇదెక్కడో నాకు తెలుస్తుంది."

వాగు దాటాక ఉలి, సుత్తి గుడ్డలో చుట్టి ఉస్తాదుకి ఇవ్వబోయాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. కుడిచెయ్యి ఒణుకుతుంటే ఎడమచేత్తో పట్టుకున్నారు. అలాగే ముందు నడిచిపోయారు.

సంఘంలో వాళ్ళు అడిగినదానికి ఇంతకన్నా నాకు చెప్పటం రాదు.

మర్నాడు పొద్దున కరెంటు వచ్చింది. లేవగానే పెట్టె ఛార్జింగుకి పెట్టాను. అది నిండేలోపు గుమ్మంలో కూర్చుని, సానరాయి మీద నీళ్ళు చల్లుకుంటూ ఉలి నూరుకున్నాను.